బకెట్టు హీటరు, గీజరు: వైరింగ్, వేడి కంట్రోలు గురించి తిరుపతివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో చలికాలం చిన్నదే. కొండ మీద వణుకుతున్నా, కింద మనకి గట్టిగా చలి వేసేది డిసెంబరు, జనవరి నెలల్లోనే. హీటర్ల సీజను మాత్రం అంతకంటే ముందే, కార్తీకంలో ముసురు పట్టగానే మొదలవుతుంది. అటక మీది రాడ్డు కిందికి దిగుతుంది. మొదటి వారంలోనే ఎవరింట్లోనో ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు తెంపే స్విచ్చి) పడిపోతుంది, ఇంకెవరికో నీళ్లు ముట్టుకుంటే జిల్లుమంటుంది. అయ్యప్ప మాల వేసుకుని చన్నీళ్ల స్నానం చేసేవాళ్లకి ఈ పేజీతో పని లేదు. మిగతావాళ్లు ఎలక్ట్రికల్ షాపు కౌంటరు దగ్గర అడిగే ప్రశ్నలివి. బోర్డు విప్పి చేసే పనులు ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. అతను చేస్తున్నది సరైన పనో కాదో మీకు తెలియడానికే ఇంత వివరంగా రాస్తున్నాం.

1500 వాట్ల రాడ్డుని మామూలు ప్లగ్గులో పెట్టుకోవచ్చా?

పెట్టకూడదు. వాట్లని 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లు లాగుతుందో తెలిసిపోతుంది. 1000 వాట్ల రాడ్డు 4.3, 1500 వాట్లది 6.5, 2000 వాట్లది 8.7 ఆంపియర్లు లాగుతాయి. 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరు 13 దాకా వెళ్తుంది. టేబుల్ ఫ్యాను, ఫోను ఛార్జరు పెట్టుకునే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. పెద్ద పవర్ ప్లగ్గు 16 ఆంపియర్లది.

“ఆరుకీ ఆరున్నరకీ తేడా ఎంతన్నా?” అని అడుగుతారు. అంకెలో పెద్ద తేడా లేదు, అసలు సమస్య టైముతో. ఇస్త్రీ పెట్టె వేడెక్కాక తనంతట తానే ఆగి ఆగి నడుస్తుంది. రాడ్డు అరగంట సేపు విడవకుండా లాగుతూనే ఉంటుంది. సాకెట్ లోపలి ఇత్తడి రేకులు వాడగా వాడగా వదులవుతాయి. ఆ వదులు వల్ల 0.2 ఓమ్‌ల నిరోధం వచ్చిందనుకోండి, 2000 వాట్ల రాడ్డు పెడితే ఆ ఒక్క చోటే 15 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టి మూసినట్టే. ముందు పిన్ను రంగు మారుతుంది, తర్వాత వాసన, ఆ తర్వాత సాకెట్ ఉబ్బుతుంది. హీటరు పాడైందని తెచ్చేవాటిలో చాలావాటికి అసలు జబ్బు ప్లగ్గులోనే ఉంటుంది.

కాలిన సాకెట్‌ని మార్చేటప్పుడు త్రీ పిన్ టాపు (వైరు చివర ఉండే, సాకెట్‌లో గుచ్చే పిన్నుల తల) కూడా మార్చండి. కాలి గరుకెక్కిన పాత పిన్నుని కొత్త సాకెట్‌లో గుచ్చితే అదీ కొన్నాళ్లకే కాలిపోతుంది. పెద్ద టాపుని చిన్న ప్లగ్గుకి పట్టించే కన్వర్టర్లు అమ్ముతారు. హీటరుకి వాటిని వాడకండి.

వైరు ఏ సైజుది ఉండాలి? ఎంసీబీ ఎంత పెట్టాలి?

పవర్ ప్లగ్గుకి డీబీ (ఇంటి ఎంసీబీలన్నీ ఉండే డబ్బా) నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగాలి, దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ చాలు. 3000 వాట్ల గీజరుకి, అందులోనూ డీబీ దూరంగా ఉంటే, 4 చ.మి.మీ. వేయడం మంచిది. లైట్లకి వేసిన 1 లేదా 1.5 వైరు నుంచి బాత్‌రూమ్ ప్లగ్గుకి కలిపేయడం పాత ఇళ్లలో మామూలుగా కనిపిస్తుంది. అలాంటి లైన్‌లో ఎంసీబీ పడుతోందని పెద్ద ఎంసీబీ వేస్తే, ఎంసీబీ పడాల్సిన చోట వైరు కాలుతుంది. అల్యూమినియం వైరింగ్ ఉన్న ఇళ్లలో ఇంకా జాగ్రత్త పడాలి. అల్యూమినియం స్క్రూ కింద నలిగి నలిగి వదులవుతుంది, కాబట్టి హీటరు లైను వరకైనా రాగికి మార్చుకోండి.

రాడ్డు టాపు ఊడిపోయింది. మూడు వైర్లు ఎక్కడెక్కడ కలపాలి?

ఎరుపు లేదా గోధుమ రంగు ఫేజు, అంటే కరెంటు వచ్చే వైరు. నలుపు లేదా నీలం న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి పోయే వైరు. ఆకుపచ్చ, లేదా ఆకుపచ్చ పసుపు చారలది ఎర్త్, అంటే లీకైన కరెంటుని నేలలోకి పంపే వైరు. గోడ సాకెట్‌కి ఎదురుగా నిలబడితే పైన లావు రంధ్రం ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. టాపులో ఎర్త్ పిన్ను మిగతా రెండిటికంటే పొడుగ్గా ఉండడానికి కారణం ఉంది. గుచ్చేటప్పుడు ముందు అదే తగలాలి, లాగేటప్పుడు చివరగా అదే వదలాలి.

లోపల ఆకుపచ్చ వైరుని మిగతా రెండిటికంటే ఒక అంగుళం ఎక్కువ వదలండి. ఎవరైనా వైరు పట్టుకుని గుంజితే ముందు ఫేజు ఊడాలి, ఎర్త్ ఆఖరున ఊడాలి. తీగ పోగులన్నీ మెలిపెట్టి స్క్రూ కిందికి పోవాలి, ఒక్క పోగు కూడా బయట మిగలకూడదు. వైరు తొడుగుని పట్టి ఉంచే క్లిప్పుని బిగించడం చాలామంది మర్చిపోతారు.

హాస్టల్లో పవర్ ప్లగ్గు లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టుకోవచ్చా?

యూనివర్సిటీల చుట్టుపక్కల పీజీల్లో ఉండే పిల్లలంతా అడిగే ప్రశ్న ఇది. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు 6 ఆంపియర్లది, దాని లోపలి వైరు ఇంకా సన్నం. చుట్ట చుట్టి ఉంచితే వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు. పైగా చవక బాక్సుల్లో మూడో రంధ్రం పేరుకే ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. 1000 వాట్ల రాడ్డు కొనుక్కుని, ఎర్త్ ఉన్న గోడ ప్లగ్గులో నేరుగా పెట్టుకోండి. నలుగురు పిల్లలు ఒకే బోర్డు మీద నాలుగు రాడ్లు పెడితే ఏం జరుగుతుందో ఓనరుకి ముందే తెలుసు. “హీటర్లు వాడరాదు” అని గోడ మీద రాసేది అందుకే. అలా రాయడం బదులు కామన్ బాత్‌రూములో ఒక గీజరు పెట్టిస్తే పోతుంది.

ఇంట్లో ఎంసీబీ ఉంది కదా, మరి షాకు ఎందుకు కొడుతుంది?

ఎంసీబీ కాపాడేది వైరుని. మనిషి సంగతి దానికి తెలియదు. 16 ఆంపియర్లు దాటితేనే అది కదులుతుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియరులో పదో వంతు చాలు. ఆ పదో వంతుని ఎంసీబీ అసలు లెక్కలోకే తీసుకోదు.

దీనికి వేరే పరికరం కావాలి. అది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని అది కనిపెట్టి ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, ఆ కరెంటు ఎక్కడో నేలలోకి పోతోందని, 0.3 సెకను లోపే లైను తెంపేస్తుంది. ఇళ్లకి 30 మిల్లీ ఆంపియర్లదే తీసుకోవాలి. 100, 300 అని రాసి ఉన్నవి మనిషిని షాకు నుంచి కాపాడడానికి పనికిరావు. ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడ్ తెలియదు, కాబట్టి దానితో పాటు ఎంసీబీ కూడా ఉండాల్సిందే. మీద ‘టి’ అని ఉన్న చిన్న బటన్‌ని నెలకోసారి నొక్కి చూడండి. పడకపోతే అది ఉన్నా లేనట్టే.

“ఎర్తింగ్ బాగుంటే ఎంసీబీయే పడుతుంది, ఆర్‌సీసీబీ దండగ” అంటున్నాడు మా ఎలక్ట్రీషియన్. నిజమేనా?

లెక్క వేసి చూద్దాం. మామూలుగా ఇళ్లలో పెట్టే ‘సి’ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ తక్షణం పడాలంటే దాని రేటింగుకి అయిదు నుంచి పది రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు పారాలి. మీ ఇంటి ఎర్త్ నిరోధం 10 ఓమ్‌లు అనుకుందాం. కొండ పాదాన, రెండడుగులు తవ్వగానే రాయి తగిలే నేలలో 10 వచ్చిందంటే బాగా వచ్చినట్టే. హీటరు కాయిల్ తెగి బాడీకి తగిలితే పారేది 230ని 10తో భాగించినంత, అంటే 23 ఆంపియర్లు. దానికి ఆ ఎంసీబీ నిమిషాలు గడిచినా పడకపోవచ్చు. ఆ నిమిషాలన్నీ బకెట్టు మీద దాదాపు పూర్తి వోల్టేజీ కూర్చుని ఉంటుంది. ఎర్త్ 50 ఓమ్‌లు ఉంటే పారేది 4.6 ఆంపియర్లే, ఎంసీబీ ఎప్పటికీ పడదు.

అదే ఆర్‌సీసీబీ అయితే 50 ఓమ్‌లున్నా, 500 ఓమ్‌లున్నా పడిపోతుంది. మన రాతి నేలల్లో దాని అవసరం ఎక్కువ ఉన్నది ఇందుకే. అలాగని ఎర్త్ మానేయకూడదు. ఎర్త్ ఉంటే లీకేజీ మొదలైన క్షణానే ఆర్‌సీసీబీ పడుతుంది. లేకపోతే, మీరు వెళ్లి ముట్టుకున్నాక మీ ఒంట్లోంచి కరెంటు పారితేనే దానికి తెలుస్తుంది. రెండూ కావాలి.

మా ఇంట్లో ఎర్త్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఎలక్ట్రీషియన్ ఫేజుకీ ఎర్త్ రంధ్రానికీ మధ్య టెస్ట్ లాంపు పెట్టి చూస్తాడు. వెలగకపోతే ఎర్త్ లేదు, అందులో అనుమానం లేదు. వెలిగితే మాత్రం ఎర్త్ బాగుందని అర్థం కాదు. 100 వాట్ల బల్బు లాగేది అర ఆంపియరు కూడా కాదు, నాసిరకం ఎర్త్ మీద కూడా శుభ్రంగా వెలుగుతుంది. సరైన కొలత ఎర్త్ టెస్టరుతోనే వస్తుంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఇలా లాంపు పెడితే వెంటనే అది పడిపోవాలి. లాంపు వెలుగుతూనే ఉండి, ఆర్‌సీసీబీ పడలేదంటే రెండిట్లో ఒకటి జరిగింది. ఆర్‌సీసీబీ చచ్చిపోయి ఉండాలి, లేదా సాకెట్ వెనకాల ఎర్త్‌ని న్యూట్రల్‌కి కలిపేసి ఉండాలి. ఆ రెండోది తరచుగానే చూస్తుంటాం. బోర్డు విప్పగానే ఎర్త్ స్క్రూ నుంచి న్యూట్రల్ స్క్రూకి రెండంగుళాల నల్ల వైరు ముక్క కనిపిస్తుంది. ఎర్త్ గుంత తవ్వకుండా లాంపు వెలిగించి చూపడానికి చేసే కిటుకు అది.

అది ఎంత ప్రమాదమో చూడండి. మీటరు దగ్గరో స్తంభం దగ్గరో న్యూట్రల్ తెగిందంటే, ఇంట్లో వెలుగుతున్న ఏ లైటు గుండా అయినా ఫేజు వచ్చి ఆ న్యూట్రల్ మీదికి ఎక్కుతుంది. అక్కడి నుంచి ఆ నల్ల ముక్క మీదుగా గీజరు ఒంటికి, ట్యాపుకి వస్తుంది. హీటరులో ఏ లోపమూ లేకుండానే షాకు కొడుతుంది. ఆ ముక్క కనపడితే ముందు దాన్ని తీయించండి, తర్వాత అసలు ఎర్త్ వేయించండి.

ఎర్త్ ఎలా వేయించాలి? బోరు కేసింగ్‌కి కలిపితే సరిపోదా?

సుమారు 2.5 మీటర్ల జీఐ పైపుని నేలలోకి దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. రాయి అడ్డొస్తే తక్కువ లోతులో రెండు మూడు చోట్ల వేసి వాటిని కలుపుతారు. మే నెలలో నేల ఎండిపోయినప్పుడు ఎర్త్ పాడవుతుంది, గుంతలో అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్లు పోయాలి. ఏసీ నుంచి కారే నీళ్ల పైపు అటు మళ్లించినా చాలు. బోరు కేసింగ్ చాలా చోట్ల ఇప్పుడు పీవీసీయే, దానికి కలిపినా ఒకటే కలపకపోయినా ఒకటే. నీళ్ల పైపుకి కలపడం ఎప్పుడూ వద్దు. మధ్యలో ఒక్క ముక్క ప్లాస్టిక్ వేసి రిపేరు చేశారంటే మీ లీకేజీ అంతా ట్యాపుల మీద కూర్చుంటుంది.

స్టీలు బకెట్టా, ప్లాస్టిక్ బకెట్టా?

ప్లాస్టిక్‌లో కాయిల్ గోడకి ఆనితే బకెట్టు కరుగుతుంది, అడుగున చిల్లు పడి నీళ్లు పోతే రాడ్డు గాల్లో కాలుతుంది. స్టీలులో ఆ బాధ లేదు కానీ, లీకేజీ ఉంటే బకెట్టు మొత్తం కరెంటే. ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ ఉన్నాయని నమ్మకం ఉంటే స్టీలు వాడుకోండి. లేకపోతే మందపాటి ప్లాస్టిక్ బకెట్టు మీద అడ్డంగా ఆరిన కర్ర పెట్టి, కాయిల్ ఎక్కడా ఆనకుండా దానికి తగిలించండి.

ఏ బకెట్టయినా వరస మాత్రం మారదు. ముందు రాడ్డు నీళ్లలో పెట్టాలి, గుర్తు దాకా నీళ్లు ఉండాలి, అప్పుడు టాపు పెట్టి స్విచ్చి వేయాలి. అయ్యాక స్విచ్చి ఆపి, టాపు పీకి, ఒక నిమిషం ఆగి రాడ్డు తీయాలి. వేడెక్కాయా అని వేలు పెట్టి చూసే అలవాటు ఉన్నవాళ్లు ముందు టాపు పీకి చూడండి. స్విచ్చి ఆపితే చాలదు, ఎందుకంటే తిరగేసి కలిపిన బోర్డులో స్విచ్చి న్యూట్రల్‌ని మాత్రమే కట్ చేస్తుంది.

రాడ్డుకి వేడి కంట్రోలు ఉంటుందా? ఎంతసేపు ఉంచాలి?

మామూలు రాడ్డులో ఏమీ ఉండదు. నిక్రోమ్ తీగ, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, పైన లోహపు గొట్టం, అంతే. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయా, మరుగుతున్నాయా అనేది దానికి తెలియదు. గడియారమే దానికి థర్మోస్టాట్ (వేడి చూసి కరెంటు ఆపే స్విచ్చి).

లెక్క సులువు. లీటర్లని పెరగాల్సిన డిగ్రీలతో గుణించి 860తో భాగిస్తే ఎన్ని యూనిట్లో వస్తుంది. 15 లీటర్ల నీళ్లని 24 డిగ్రీల నుంచి స్నానానికి సరిపడే 42కి తేవడానికి 0.31 యూనిట్. 1000 వాట్ల రాడ్డుకి 19 నిమిషాలు, 1500కి పన్నెండున్నర, 2000కి తొమ్మిదిన్నర. సగం బకెట్టు బాగా వేడి చేసి చన్నీళ్లు కలుపుకున్నా ఖర్చు దాదాపు అంతే. ఫోనులో అలారం పెట్టుకుని స్విచ్చి వేయండి.

మర్చిపోతే ఏమవుతుందో కూడా లెక్క ఉంది. 1500 వాట్ల రాడ్డు ఆ 15 లీటర్లని గంట లోపే మరిగిస్తుంది. ఆ తర్వాత గంటకి రెండున్నర లీటర్ల దాకా ఆవిరి చేస్తుంది. నీటి మట్టం గుర్తు కిందికి దిగి కాయిల్ పై చుట్టు గాలి తగిలేలా బయటపడితే, కాసేపట్లోనే ఎర్రబడుతుంది. పొద్దున్నే రాడ్డు వేసి పాలకి వెళ్లి, అక్కడ కబుర్లలో పడ్డవాళ్ల ఇళ్లలో జరిగేది ఇదే.

రాడ్డుకి బయటి నుంచి థర్మోస్టాట్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ జాగ్రత్తగా. చిన్న డిజిటల్ టెంపరేచర్ కంట్రోలర్లు దొరుకుతున్నాయి, వైరు చివర సెన్సర్ ఉంటుంది. 45 దగ్గర ఆగాలి, 40కి దిగితే మళ్లీ వేయాలి అని పెట్టుకోవచ్చు. ఆ రెండు అంకెల మధ్య ఎడం ఉండాలి. అర డిగ్రీ పెడితే దాని లోపలి రిలే (తనంతట తానే కలిసి విడిపోయే చిన్న స్విచ్చి) టకటకా కొట్టుకుని తొందరగా చచ్చిపోతుంది.

అసలు చిక్కు ఆ రిలేతోనే. దాని మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. 2000 వాట్ల రాడ్డు 8.7 లాగుతుంది, కాగితం మీద సరిపోతుంది. రోజూ అంచు దాకా వాడితే కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి. అతుక్కుపోయిన రిలే అంటే ఎప్పుడూ ఆన్‌లోనే ఉన్న హీటరు. అందుకని కంట్రోలరుతో నేరుగా హీటరుని నడపకుండా, దానితో 25 ఆంపియర్ల రెండు పోల్స్ కాంటాక్టరుని (రిలే లాంటిదే, ఎక్కువ కరెంటు తట్టుకునేది) నడపాలి, ఆ కాంటాక్టరు హీటరుని నడపాలి. అప్పుడు ఫేజు, న్యూట్రల్ రెండూ తెగుతాయి. ఇదంతా బాత్‌రూమ్ బయట, మూత ఉన్న డబ్బాలో ఉండాలి.

సెన్సర్‌ని ఎక్కడ పెట్టాలో కూడా ముఖ్యం. వేడి నీళ్లు పైకి పోతాయి, కాయిల్ కింద ఉన్న నీళ్లు చల్లగానే ఉండిపోతాయి. సెన్సర్ అడుగున ఉంటే పైన మరుగుతున్నా దానికి తెలియదు. కాయిల్‌కి ఆనించి పెడితే తొందరపడి ఆపేస్తుంది. కాయిల్ పై చుట్టుకి రెండంగుళాల పైన, దాన్ని తాకకుండా వేలాడదీయండి.

ఇన్ని చేసినా మనిషి ఇంట్లో లేనప్పుడు బకెట్టు రాడ్డు నడపడం వద్దు. ఆ ఖర్చు, శ్రమ పెట్టేబదులు చిన్న గీజరు కొనుక్కోవడమే నయం అని మా అభిప్రాయం.

గీజరులో థర్మోస్టాట్ ఎలా పనిచేస్తుంది? కటౌట్ అంటే వేరేనా?

వేరే. చాలామంది రెండిటినీ ఒకటే అనుకుంటారు. థర్మోస్టాట్ రోజూ పనిచేసేది. ఇత్తడి గొట్టం, దాని లోపల ఇన్వార్ కడ్డీ ఉంటాయి. వేడికి ఇత్తడి సాగుతుంది, ఇన్వార్ దాదాపు సాగదు, ఆ తేడా కాంటాక్టుని లాగేస్తుంది. ఇంకో రకంలో నూనె నింపిన చిన్న బల్బు, సన్నటి రాగి గొట్టం ఉంటాయి. చిన్న ఇన్‌స్టంట్ గీజర్లలో రెండు లోహాల బిళ్ళ ఉంటుంది, దాన్ని తిప్పి మార్చడానికి ఉండదు.

కటౌట్ కాపలావాడు. థర్మోస్టాట్ అతుక్కుపోయి నీళ్లు అతిగా వేడెక్కినప్పుడు మాత్రమే తెగుతుంది. మళ్లీ తనంతట తాను కలవదు, కింది మూత తీసి చిన్న బటన్ నొక్కాలి. మెయిన్ ఆపకుండా ఆ మూత తీయకండి.

ఆ బటన్ నొక్కితే రెండు రోజులు పనిచేసి మళ్లీ ఆగిపోతోంది. ఎలక్ట్రీషియన్ “డైరెక్ట్ చేసేస్తా” అన్నాడు. చేయించుకోమంటారా?

చస్తే వద్దు. డైరెక్ట్ చేయడమంటే కటౌట్‌ని తప్పించి వైర్లు నేరుగా కలిపేయడం. కటౌట్ మాటిమాటికీ పడుతోందంటే థర్మోస్టాట్ అతుక్కుపోయి ఉండాలి, లేదా కాయిల్ మీద ఉప్పు బాగా పట్టి ఉండాలి, లేదా ట్యాంకులో నీళ్లు లేకుండా గీజరు వేసి ఉండాలి. థర్మోస్టాట్ కొన్ని వందల రూపాయల వస్తువు, మార్చించండి.

డైరెక్ట్ చేసిన గీజరులో జరిగేది ఇది. మేడ మీది ట్యాంకు బాత్‌రూముకి పది మీటర్ల ఎత్తులో ఉంటే గీజరులో సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 దగ్గర మరగవు, 120 దాకా నీళ్లుగానే వేడెక్కుతాయి. అప్పుడు ట్యాపు తిప్పినా, గీజరు ట్యాంకు పగిలినా, ఒత్తిడి పోయిన క్షణంలో అందులో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరైపోతుంది. గీజర్లు పేలాయని పేపర్లో వచ్చే వార్తల వెనక ఉండేది చాలాసార్లు ఇదే. చివరి రక్షణగా ఉండేది రిలీఫ్ వాల్వు. దాంట్లోంచి చుక్కలు కారుతున్నాయని ప్లంబరు మేకు కొట్టి మూసేశాడంటే ఆ రక్షణ కూడా పోయినట్టే. వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు కారడం దాని డ్యూటీ.

గీజరు ఎన్ని డిగ్రీల మీద పెట్టాలి?

55 నుంచి 60. తక్కువ పెడితే బిల్లు తగ్గుతుందని 40 మీద వదిలేస్తారు. గోరువెచ్చగా నిలిచిన నీళ్లలో లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది, 60 దగ్గర చచ్చిపోతుంది. రోజూ ఖాళీ అయ్యే చిన్న గీజరుకి భయం లేదు కానీ, వారాల తరబడి వాడని పెద్ద గీజరుని ఒకసారి పూర్తిగా వేడి చేసి వాడండి. 60 డిగ్రీల నీళ్లు ఒంటి మీద అయిదు సెకన్లు పడితే చాలు, చర్మం కాలుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాత వేడినీళ్లు కలపాలి.

స్విచ్చి ఆపి ఉన్నా గీజరు వల్లే ఆర్‌సీసీబీ పడుతోందని అంటున్నారు. ఆఫ్‌లో ఉంటే ఎలా పడుతుంది?

పడుతుంది. మామూలు స్విచ్చి ఫేజుని మాత్రమే తెంపుతుంది. కాయిల్ న్యూట్రల్ చివర లీక్ అవుతుంటే, స్విచ్చి ఆపినా న్యూట్రలూ ఎర్తూ లోపల కలిసే ఉంటాయి. ఇంట్లో వేరే ఏదైనా నడుస్తున్నప్పుడు తిరిగొచ్చే కరెంటులో కొంత ఆ దారిన ఎర్త్‌లోకి పోతుంది, ఆర్‌సీసీబీ పడుతుంది. గ్రైండరు వేసినప్పుడల్లా పడుతుంటే గ్రైండరుని తిట్టుకుంటాం, దొంగ గీజరులో ఉంటాడు. గీజరు టాపు పీకి ఒక రోజు చూడండి. గీజరుకి ఇండికేటరు ఉన్న డబుల్ పోల్ స్విచ్చి (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంపేది) వేయించమనేది ఇందుకే.

కొత్త కాయిల్ అయినా ఏడాదంతా వాడకుండా పెడితే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి చెమ్మ పీల్చుకుని లీక్ అవుతుంది. 500 వోల్టుల మెగ్గర్‌తో (లీకేజీ ఉందో లేదో చూసే మీటరు) కొలిస్తే ఒక మెగా ఓమ్ అయినా రావాలి. రాకపోతే ఎండలో బాగా ఆరబెట్టి మళ్లీ కొలవాలి. అప్పటికీ రాకపోతే మార్చేయాలి.

మాది బోరు నీళ్లు. రాడ్డు మీద తెల్లగా పెంకు కడుతోంది.

కల్యాణి డ్యాము, తెలుగుగంగ నీళ్లు వచ్చే వీధుల్లో ఇది తక్కువ, బోరు మీదే బతికే లేఅవుట్లలో ఎక్కువ. ఆ పెంకు వేడిని నీళ్లలోకి పోనివ్వదు. వేడి లోపలే నిలిచి కాయిల్ కాలిపోతుంది. లీటరు వేడి నీళ్లలో రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు వేసి, టాపు పీకిన రాడ్డు కాయిల్‌ని గంటసేపు ముంచి ఉంచండి. తల భాగం మునగకూడదు. కత్తితో గీకడం, బాత్‌రూమ్ యాసిడ్ పోయడం చేస్తే గొట్టానికి చిల్లు పడుతుంది. స్టోరేజి గీజరులో అయితే ట్యాంకుని తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. బోరు నీళ్లకి అది తొందరగా అరిగిపోతుంది. సర్వీసుకి వచ్చినవాళ్లని దాన్ని తీసి చూపించమనండి.

కొన్ని రోజులు నీళ్లు వేడెక్కడానికి చాలా టైము పడుతోంది. హీటరు పాడైందా?

వోల్టేజీ చూడండి. 230 బదులు 200 వస్తే పవర్ నాలుగో వంతు పడిపోతుంది, 2000 వాట్ల రాడ్డు 1500 లాగా పనిచేస్తుంది. రోజూ ఇలాగే ఉంటే 1912కి ఫోను చేసి కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్‌కి కంప్లయింట్ ఇవ్వండి. వోల్టేజీ బాగుండి కూడా ఆలస్యమైతే కాయిల్ కొలిపించండి. 2000 వాట్లదానికి 26, 1500కి 35, 1000కి 53 ఓమ్‌ల దగ్గర రావాలి.

ఇంట్లోకి వాన నీళ్లు వచ్చాయి. ప్లగ్గు మునిగింది. ఆరాక వాడొచ్చా?

2021 నవంబరు వరదలో కింది ఇళ్లలో చాలా బోర్డులు మునిగాయి. పైకి ఆరినట్టు కనపడిన సాకెట్ వెనక డబ్బాలో బురద, చెమ్మ ఉండిపోతాయి. మునిగిన సాకెట్, స్విచ్చి, ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఏవైనా మార్చాలి. వైర్లకి మెగ్గర్ పెట్టి చూశాకే మెయిన్ వేయండి.

సోలార్ హీటరుకి ఉన్న బ్యాకప్ కాయిల్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచొచ్చా?

వద్దు. రాత్రంతా కరెంటుతో కాచిన నీళ్లు ట్యాంకులో ఉంటే పగలు ఎండ చేయడానికి పని మిగలదు. ముసురు రోజుల్లో తెల్లవారుజామున మాత్రం వేసుకోండి, లేదా టైమరు పెట్టించండి.

ఇన్వర్టరు మీద రాడ్డు నడుస్తుందా?

నడవదు. ఇంట్లో ఉండే మామూలు ఇన్వర్టరు ఓవర్‌లోడ్ అని అరిచి ఆగిపోతుంది. కరెంటు లేనప్పుడు గ్యాస్ మీద కాచుకోండి.

ఎవరికైనా షాకు కొట్టి పట్టేసుకుంటే?

మనిషిని ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. అందకపోతే ఎండు కర్రతో వైరుని పక్కకి తోయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ, ఇంకొకరి చేత 108కి ఫోను చేయించండి. లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి.

కొత్త రాడ్డు కొనేటప్పుడు ఏం చూడాలి? పాతది ఎప్పుడు పారేయాలి?

ఐఎస్‌ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 368 అనే నంబరు చూడండి. వైరు చేతిలో బరువుగా, మూడు పిన్నులతో ఉండాలి. రెండు పిన్నుల రాడ్డు ఎంత చవకగా వచ్చినా వద్దు. పాతదాని గొట్టం మీద పచ్చటి చిలుం చుక్కలు, సన్న పగులు, తల దగ్గర కదులుడు, వైరు మీద అతుకు, వీటిలో ఏ ఒక్కటి కనపడినా దాని పని అయిపోయింది. పాత సామాన్లవాడికి వేసేముందు వైరుని మొదలంటా కత్తిరించి వేయండి. లేకపోతే అది కొత్త టాపు తగిలించుకుని ఇంకొకరి బకెట్టులోకి చేరుతుంది.